పేజీ మారిన కబురు గడువులోగా అందాలంటే: వెబ్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకునే పద్ధతి

హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే యువతకు చదువుతో పాటు మరో పని కూడా తప్పడం లేదు. జిల్లా వెబ్‌సైట్‌లో వైద్యారోగ్య శాఖ కాంట్రాక్టు పోస్టుల ప్రకటన వచ్చిందేమో, కాకతీయ విశ్వవిద్యాలయం పరీక్ష ఫీజు గడువు పొడిగించిందేమో, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం తర్వాతి విడత కౌన్సెలింగ్ తేదీలు ఇచ్చిందేమో, సింగరేణి కొత్త నోటిఫికేషన్ వేసిందేమో అని రోజూ అవే పేజీలను తెరిచి చూసుకోవలసి వస్తోంది. రాష్ట్ర స్థాయి నోటిఫికేషన్ల సంగతి పత్రికల్లోనూ యూట్యూబ్‌లోనూ ఎలాగూ వస్తుంది. జిల్లా స్థాయి ప్రకటనలు అలా కాదు. అవి కొద్ది రోజుల గడువుతో వెబ్‌సైట్‌లో ఒక మూలన పడతాయి, గడువు తీరగానే పాత ప్రకటనల్లోకి వెళ్లిపోతాయి. ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి చివరి తేదీ దాటిపోయి ఉంటుంది.

ఈ కాపలా పనిని కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. మనం చెప్పిన పేజీని మనం చెప్పిన వేళల్లో తెరిచి, క్రితంసారి చూసినదానితో పోల్చి, తేడా ఉంటే ఫోన్‌కు కబురు పంపే సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని పూర్తిగా ఉచితం. అయితే వీటిని ఉత్సాహంగా పెట్టుకొని కొన్నాళ్లకే వదిలేసేవారు కూడా ఎక్కువే. అక్కరలేని కబుర్లతో విసిగిపోవడం ఒక కారణం, అవసరమైన కబురు రాకపోవడం మరో కారణం. వీటిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. సాఫ్ట్‌వేర్ మౌనంగా ఉంటే పేజీ మారలేదని మనం నిశ్చింతగా ఉంటాం, కానీ ఆ సమయంలో అది పేజీని అసలు తెరవలేకపోతూ ఉండవచ్చు. దాని మౌనాన్ని కూడా నమ్మగలిగేలా అమర్చుకున్నప్పుడే ఈ ఏర్పాటుకు విలువ. కింద చెప్పిన ప్రతి అడుగూ ఆ ఉద్దేశంతో రాసినదే.

లోపల జరిగే పని

ఏ సాఫ్ట్‌వేర్ అయినా నాలుగు పనులు చేస్తుంది. ముందుగా పేజీని తెస్తుంది. తెచ్చినదాంట్లో మనకు కావలసిన భాగాన్ని వేరు చేస్తుంది. ఆ భాగాన్ని క్రితంసారి దాచుకున్న ప్రతితో పోలుస్తుంది. తేడా ఉంటే తెలియజేస్తుంది. పోల్చడమనేది కంప్యూటర్లకు కొత్త విద్య కాదు; రెండు ఫైళ్ల మధ్య తేడాను వరుసవారీగా చూపే డిఫ్ అనే ప్రోగ్రాం 1974లోనే యూనిక్స్ అయిదో ఎడిషన్‌తో పాటు వచ్చింది. నేటి నిఘా సాఫ్ట్‌వేర్‌లు చేరిన వరుసలను ఒక రంగులో, తొలగిన వరుసలను మరో రంగులో చూపడం ఆ పద్ధతికి కొనసాగింపే. కాబట్టి మూడో పనిలో సాధారణంగా పొరపాటు జరగదు. ఇబ్బందులన్నీ మొదటి రెండింటిలోనే పుడతాయి: పేజీ సరిగా రాకపోవడం, వచ్చినదాంట్లోంచి తప్పు భాగాన్ని తీసుకోవడం.

మొదటి అడుగు: ఏ పేజీని చూడాలో తేల్చుకోవడం

చాలామంది వెబ్‌సైట్ మొదటి పేజీ చిరునామానే ఇచ్చేస్తారు. అది మంచిది కాదు. మొదటి పేజీలో మారే ఫొటోలు, పాకుతూ వెళ్లే వార్తల పట్టీ, సందర్శకుల సంఖ్య, పండుగ శుభాకాంక్షలు ఉంటాయి, అవి రోజూ మారుతూనే ఉంటాయి. మనకు కావలసిన ప్రకటనలు ఏ లోపలి పేజీలో పట్టికగా పడతాయో వెతికి, ఆ పేజీ చిరునామాను తీసుకోవాలి. హనుమకొండ, వరంగల్ జిల్లాల వెబ్‌సైట్లలో అది నోటీసుల విభాగం కింద ఉండే నియామకాల పేజీ. టెండర్లు చూసుకునే చిన్న కాంట్రాక్టర్లకు అదే విభాగంలో టెండర్ల పేజీ వేరుగా ఉంటుంది. జిల్లా సైట్లకు తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ విడివిడిగా ఉంటాయి కనుక ఏది ముందు నిండుతోందో కొన్నాళ్లు గమనించి ఎంచుకోవాలి, లేదా రెండింటినీ చేర్చుకోవాలి.

పేజీ దొరికాక, ఆ సంస్థ స్వయంగా కబురు పంపే సదుపాయం ఏదైనా ఇచ్చిందేమో చూడాలి. కొన్ని సైట్లు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త ప్రకటనల జాబితాను యాప్‌లకు అందించే సదుపాయం) ఇస్తాయి, కొన్ని ఈమెయిల్ లేదా అధికారిక టెలిగ్రామ్ ఛానల్ నడుపుతాయి. అవి ఉన్నచోట నిఘా సాఫ్ట్‌వేర్ కంటే అవే నమ్మకమైనవి. గూగుల్ అలర్ట్స్‌ను మాత్రం దీనికి ప్రత్యామ్నాయంగా అనుకోకూడదు. గూగుల్ తన సూచికలో కొత్తగా చేర్చుకున్న పేజీల గురించే అది చెబుతుంది, ఫలానా పేజీలోని ఫలానా పట్టిక మారిందని చెప్పదు.

రెండో అడుగు: సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడవాలి

ఎంపిక నిజానికి బ్రాండ్ల మధ్య కాదు, అది నడిచే చోట్ల మధ్య. డిస్టిల్ లాంటి బ్రౌజర్ పొడిగింపును క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో చేర్చుకొని, పేజీ మీద కావలసిన భాగాన్ని మౌస్‌తో చూపిస్తే చాలు, అయిదు నిమిషాల్లో పని మొదలవుతుంది. బ్రౌజర్ తెరిచి ఉన్నంతసేపే అది కాపలా కాస్తుంది, కంప్యూటర్ ఆపితే కాపలా కూడా ఆగుతుంది. విజువల్‌పింగ్ లాంటి క్లౌడ్ సేవలు వాళ్ల సర్వర్ల నుంచే పేజీని చూస్తాయి కనుక మన కంప్యూటర్ ఆన్‌లో ఉండనక్కరలేదు. ఉచిత ఖాతాలో పేజీల సంఖ్యకూ చూసే వేళలకూ పరిమితి ఉంటుంది.

క్లౌడ్ సేవలతో మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. మన దేశంలోని కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు విదేశీ ఐపీ చిరునామాల నుంచి వచ్చే అభ్యర్థనలను అనుమతించవు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న సర్వర్ వెళ్లి అడిగితే 403 అనే నిరాకరణ వస్తుంది, లేదా ఎంతసేపటికీ జవాబే రాదు. అదే పేజీ మన ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటుంది కనుక లోపం ఎక్కడుందో వెంటనే తట్టదు. అందుకే ప్రభుత్వ పేజీల మీద నిఘాకు సాఫ్ట్‌వేర్ మన ఊళ్లో, మన ఇంటర్నెట్ కనెక్షన్ మీద నడవడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో మూలపడిన పాత ల్యాప్‌టాప్ గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ గానీ ఇందుకు సరిపోతుంది.

అలా సొంత యంత్రం మీద నడిపేవాటిలో ఛేంజ్‌డిటెక్షన్ డాట్ ఐఓ, యూఆర్‌ఎల్‌వాచ్ అనే రెండూ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు, రెండూ పైథాన్‌లో రాసినవి. యూఆర్‌ఎల్‌వాచ్‌కు తెర మీద బొత్తాలు ఉండవు. చూడవలసిన పేజీలను ఒక ఫైలులో రాసుకొని, పనులను వేళకు నడిపే క్రాన్ అనే లినక్స్ సదుపాయం ద్వారా నడిపించాలి; లినక్స్ అలవాటున్నవారికి అది తేలిక, శుభ్రం. మిగతావారికి ఛేంజ్‌డిటెక్షన్ అనువుగా ఉంటుంది. ఇక్కడి నుంచి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, కానీ చెప్పే సూత్రాలు అన్నిటికీ వర్తిస్తాయి.

మూడో అడుగు: స్థాపించడం

ఛేంజ్‌డిటెక్షన్‌ను డాకర్ ద్వారా స్థాపించడం అన్నిటికంటే తేలిక. డాకర్ అంటే ఒక ప్రోగ్రాంను దానికి కావలసిన సరంజామాతో సహా కంటెయినర్ అనే ఒకే పెట్టెలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్. విండోస్ అయితే డాకర్ డెస్క్‌టాప్‌ను, లినక్స్ అయితే డాకర్ ఇంజిన్‌ను ముందు పెట్టుకొని, ప్రాజెక్టు వాళ్లు గిట్‌హబ్ అనే ప్రోగ్రాముల నిల్వ సైటులో ఇచ్చిన డాకర్ కంపోజ్ ఫైలును (ఏది ఎలా నడపాలో చెప్పే ఫైలును) దించుకొని నడపాలి. పూర్తయ్యాక అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ చిరునామాకు 5000 అనే పోర్టు సంఖ్య చేర్చి తెరిస్తే తెర కనిపిస్తుంది. డాకర్ వద్దనుకుంటే పైథాన్ ప్రోగ్రాములను స్థాపించే పిప్ ద్వారా కూడా పెట్టుకోవచ్చు.

ఈ దశలోనే మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. డేటాస్టోర్ అనే ఫోల్డర్‌ను మన డిస్కు మీద స్థిరంగా ఉండేలా జతచేయాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ నవీకరించినప్పుడు దాచుకున్న పాత ప్రతులన్నీ పోతాయి. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే లేచేలా డాకర్‌లో పునఃప్రారంభ నియమాన్ని పెట్టాలి. డెస్క్‌టాప్ అయితే కరెంటు రాగానే ఆన్ అయ్యే ఏర్పాటు బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) ఉంటుంది, దాన్ని కూడా మార్చుకోవాలి. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రలోకి జారుకోకుండా పవర్ సెట్టింగులు సవరించాలి. ఆ తర్వాత సెట్టింగుల్లో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే హాస్టల్ వైఫై మీద ఉన్నవారందరికీ ఆ తెర కనిపించే అవకాశం ఉంటుంది.

నాలుగో అడుగు: ఒక పేజీని చేర్చి, అక్కరలేనిదాన్ని తీసివేయడం

అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది, కనుక ఒక పేజీని దగ్గర నుంచి చూద్దాం. జిల్లా వెబ్‌సైట్లు జాతీయ సమాచార కేంద్రం వారి ఎస్3వాస్ అనే ఉమ్మడి వేదిక మీద నడుస్తాయి కాబట్టి ఏ జిల్లా చూసినా పేజీ అమరిక ఒకేలా ఉంటుంది. నియామకాల పేజీలో అయిదు గడుల పట్టిక కనిపిస్తుంది: శీర్షిక, వివరణ, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, ఫైలు. పైన మెనూలు, పక్కన లింకులు, కింద సైటు చివరిసారి నవీకరించిన తేదీ ఉంటాయి. పేజీ మొత్తాన్నీ పోల్చమంటే ఆ చివరి తేదీ మారిన ప్రతిసారీ మనకు కబురు వస్తుంది, పట్టికలో ఏ మార్పూ లేకపోయినా సరే.

అందుకే ఫిల్టర్లు అనే విభాగానికి వెళ్లి, పట్టికను మాత్రమే తీసుకోమని చెప్పాలి. సీఎస్‌ఎస్ సెలెక్టర్ (పేజీలో ఏ భాగం కావాలో చెప్పే గుర్తు) గడిలో టేబుల్ అనే మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాస్తే చాలు, పేజీలో ఉన్న పట్టిక తప్ప మిగతాదంతా పక్కకు పోతుంది. కల్లంలో తూర్పార పట్టినట్టు, తాలు ఎగిరిపోయి గింజలు మిగలాలి. ఒక పేజీలో రెండు మూడు పట్టికలు ఉంటే బ్రౌజర్‌లో ఆ పట్టిక మీద కుడి బొత్తాం నొక్కి, ఇన్‌స్పెక్ట్ ఎంచుకొని, దానికున్న తరగతి (క్లాస్) పేరునో గుర్తింపు (ఐడీ) పేరునో తెలుసుకొని రాయాలి. ఇది కష్టమనిపిస్తే విజువల్ సెలెక్టర్ ఉంది. పేజీ చిత్రం మీద వేలు పెట్టి చూపినట్టు మౌస్‌తో ఎంచుకోవచ్చు, కానీ దానికి క్రోమ్ ఆధారిత బ్రౌజర్ కంటెయినర్‌ను కూడా అదనంగా నడపాలి, అది ర్యామ్‌ను బాగానే తీసుకుంటుంది.

పట్టిక ఒక్కటే మిగిలాక మరో సంగతి బయటపడుతుంది. ముగింపు తేదీ దాటిన ప్రకటన ఈ పట్టిక నుంచి తొలగి పాత ప్రకటనల పేజీకి చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌కు అది కూడా మార్పే కనుక కబురు పంపుతుంది, మనం ఆశగా తెరిచి చూస్తే కొత్తదేమీ ఉండదు. దీనికి విరుగుడుగా చేరిన వరుసలు, మారిన వరుసలు, తొలగిన వరుసలు అని మూడు గడులు ఇచ్చారు. తొలగిన వరుసల గడిలో గుర్తు తీసేయాలి. మారిన వరుసల గుర్తును మాత్రం తీయకూడదు, ఎందుకంటే గడువు పొడిగించినప్పుడు కొత్త ప్రకటన పడకుండా ముగింపు తేదీ ఒక్కటే మారవచ్చు. దరఖాస్తు చేయలేకపోయినవారికి అంతకంటే విలువైన కబురు ఇంకేముంటుంది?

కొన్ని విశ్వవిద్యాలయాల పేజీల్లో ప్రకటన పక్కన కొత్తది అని మెరిసే బొమ్మ ఉంటుంది, అది కొన్నాళ్లకు పోతుంది. సాఫ్ట్‌వేర్ మాటలను మాత్రమే పోలుస్తుంది కనుక బొమ్మలతో ఇబ్బంది లేదు. అదే కొత్తది అనే మాటను అక్షరాలతో రాస్తే వరుస మారినట్టు లెక్కిస్తుంది. అలాంటి మాటలను విస్మరించవలసిన పాఠ్యం గడిలో చేర్చుకోవాలి. సందర్శకుల సంఖ్య, నేటి తేదీ, గడియారం వంటివి ఉన్న వరుసలనూ అక్కడే చేర్చాలి.

అన్నీ అమర్చాక ప్రివ్యూ తెరిచి, సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కిన పాఠ్యాన్ని ఒక్కసారి ఆసాంతం చదవాలి. ఈ చిన్న పనిని దాటవేసేవారే ఎక్కువ. ప్రివ్యూలో మనకు కావలసిన పట్టిక పూర్తిగా కనిపిస్తేనే మిగతా అడుగులకు అర్థముంటుంది.

పట్టిక ఖాళీగా వస్తే

ప్రివ్యూలో శీర్షికలు మాత్రమే ఉండి లోపల ఏమీ లేకపోతే, ఆ పేజీ తన సమాచారాన్ని జావాస్క్రిప్ట్ ద్వారా తర్వాత తెచ్చుకుంటోందని అర్థం. దీన్ని ముందే పసిగట్టడానికి బ్రౌజర్‌లో కంట్రోల్, యు కలిపి నొక్కి పేజీ మూలాన్ని తెరిచి, కనిపిస్తున్న ప్రకటనలోని ఏదో ఒక మాటను అందులో వెతకాలి. దొరికితే మామూలు పద్ధతి సరిపోతుంది. దొరకకపోతే రెండు దారులు. బ్రౌజర్ కంటెయినర్‌ను జతచేసి, పేజీ పూర్తిగా నిండే వరకు కొన్ని సెకన్లు ఆగమని చెప్పడం ఒకటి. డెవలపర్ పరికరాల్లో నెట్‌వర్క్ విభాగం తెరిచి, ఆ సమాచారం ఏ చిరునామా నుంచి జేసన్ అనే డేటా రూపంలో వస్తోందో కనుక్కొని నేరుగా దాన్నే చూడమనడం రెండోది. రెండో దారి కొంచెం ఓపిక కోరుతుంది, కానీ అది తేలికగా, వేగంగా నడుస్తుంది, సర్వర్ మీద భారమూ తక్కువ. దొరికినప్పుడల్లా నేను దానికే ఓటు వేస్తాను.

పీడీఎఫ్‌లు, తెలుగు అక్షరాలు

మన ప్రాంతపు ప్రకటనలలో అసలు విషయమంతా పీడీఎఫ్‌లో ఉంటుంది. పేజీలో కనిపించేది లింకు మాత్రమే. కొత్త లింకు పడితే పై పద్ధతితో తెలిసిపోతుంది. కానీ అదే లింకు వెనుక ఉన్న ఫైలును తీసి సవరించిన ఫైలును పెడితే పట్టికలో ఒక్క అక్షరం కూడా మారదు. పోస్టుల సంఖ్యలోనో రోస్టర్‌లోనో సవరణ జరిగితే ఇలాంటి అవకాశం ఉంటుంది. కాబట్టి మనం దరఖాస్తు చేసిన, లేదా చేయబోతున్న ప్రకటన తాలూకు పీడీఎఫ్ చిరునామాను విడిగా ఒక పేజీలాగే చేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌లోని పాఠ్యాన్ని బయటకు తీసి పోలుస్తుంది.

అయితే ఆ పాఠ్యం అన్నిసార్లూ రాదు. కాగితం మీద సంతకం చేసి స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే బొమ్మ మాత్రమే, దాంట్లో పాఠ్యం ఉండదు. అను ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు పీడీఎఫ్‌లో పాఠ్యం ఉంటుంది గానీ బయటకు తీస్తే అర్థంలేని రోమన్ అక్షరాలుగా వస్తుంది, ఎందుకంటే ఆ ఫాంట్లు అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిని పాటించవు. అటువంటి ఫైళ్లలో తెలుగు మాటను వెతకమని చెప్పడం వృథా. మారిందా లేదా అన్నంతవరకే అడగాలి. అర్థంలేని అక్షరాలే అయినా ఫైలు మారితే అవి కూడా మారతాయి. స్కాన్ ఫైళ్ల విషయంలో ఫైలు మొత్తానికి హ్యాష్ అనే, వేలిముద్ర లాంటి ఒక విలువ కట్టి పోల్చే పద్ధతి పనికొస్తుంది. ఫైలులో ఒక్క బైటు మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది.

యూనికోడ్‌లో ఉన్న తెలుగు పేజీల్లో కూడా ఒక సూక్ష్మం ఉంది. ఫలానా మాట కనిపిస్తేనే కబురు పంపమనే సదుపాయం వాడుతూ, ఔట్‌సోర్సింగ్ అనే మాటను ఇచ్చామనుకుందాం. దీన్ని కొందరు ట్ తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి చేర్చి టైప్ చేస్తారు, కొందరు చేర్చకుండా ఔట్సోర్సింగ్ అని రాస్తారు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మాటలు. పేజీలో ఒకటీ మన ఫిల్టర్‌లో మరొకటీ ఉంటే కబురు ఎన్నటికీ రాదు. అందువల్ల మాట మొత్తాన్నీ ఇవ్వకుండా, సోర్సింగ్ అనే తునకను మాత్రమే ఇస్తే రెండు రకాల రాతలూ దొరుకుతాయి. ఇంగ్లీషు మాటలను తెలుగులో రాసేటప్పుడు ఈ తేడా అడుగడుగునా ఎదురవుతుంది కనుక, మాటల ఆధారంగా వడపోసే పద్ధతిని నేను చాలా తక్కువగా వాడమంటాను. ఒకట్రెండు అనవసరమైన కబుర్లు వచ్చినా ఫరవాలేదు, ఒక్క అవసరమైన కబురు ఆగిపోకూడదు.

అయిదో అడుగు: ఎంతసేపటికోసారి చూడాలి

పది నిమిషాలకోసారి చూస్తే రోజుకు 144 సార్లు, నాలుగు గంటలకోసారి చూస్తే ఆరుసార్లు అవుతుంది. వారం రోజుల గడువున్న ప్రకటనకు రెండోదే చాలు. ఒకే హాస్టల్లో 200 మంది పది నిమిషాల చొప్పున పెట్టుకుంటే ఒక చిన్న జిల్లా సైటు మీద రోజుకు 28,800 అభ్యర్థనలు పడతాయి. ఫలితాల రోజున సైట్లు కుంటుపడటం మనం చూస్తూనే ఉన్నాం, ఆ భారానికి మనం కూడా తోడు కాకూడదు. మరీ తరచుగా అడిగేవారికి సర్వర్ 429 అనే సంకేతం పంపి కొంతకాలం తలుపు మూసేయడం కూడా ఉంది. ఏ భాగాలను యంత్రాలు చూడవద్దో చెప్పే రోబోట్స్ ఫైలు ఉంటే దాన్ని గౌరవించాలి.

ఇంతకంటే మంచి దారి ఏమిటంటే, గదికో నిఘా కాకుండా పదిమంది కలిసి ఒక్క నిఘా పెట్టుకొని, దాని కబుర్లను ఒక ఉమ్మడి గ్రూపుకు పంపించుకోవడం. గ్రామాల్లోని నెట్ సెంటర్ల వారు తమ దగ్గరకు దరఖాస్తులకు వచ్చేవారికోసం ఇలాంటి గ్రూపు నడిపితే, వరంగల్ రాలేని ఎంతోమందికి మేలు జరుగుతుంది.

వేళలు పెట్టేటప్పుడు సమయ మండలాన్ని సరిచూడాలి. డాకర్‌లో నడిచే ప్రోగ్రాములు సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని అనుసరిస్తాయి, అది మనకంటే అయిదున్నర గంటలు వెనుక. ఉదయం పదింటికి చూడమని పెడితే మధ్యాహ్నం మూడున్నరకు చూస్తుంది. ఆసియా, కోల్‌కతా అనే మండలాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

ఆరో అడుగు: కబురు ఫోన్‌కు చేరడం

వాట్సాప్‌కు అధికారికంగా పంపాలంటే బిజినెస్ ఖాతా, దాని ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు దాంతో పని చేయించుకునే ద్వారం) కావాలి, అది వ్యక్తులకు భారమే. టెలిగ్రామ్‌లో అదే పని ఉచితంగా అవుతుంది. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే ఖాతాను వెతికి, కొత్త బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ఖాతా) కావాలని అడిగితే పేరు అడిగి, చివరన ఒక పొడవైన టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ పాస్‌వర్డ్ వంటిది, ఎవరికీ చూపకూడదు. తర్వాత మన బాట్‌ను తెరిచి స్టార్ట్ నొక్కాలి, ఎందుకంటే మనం ముందు పలకరించకుండా బాట్ మనకు సందేశం పంపలేదు. గ్రూపుకు పంపాలంటే బాట్‌ను ఆ గ్రూపులో సభ్యుడిగా చేర్చాలి. ఇక కావలసింది చాట్ సంఖ్య. బాట్‌కు ఏదైనా సందేశం పంపి, టెలిగ్రామ్ ఏపీఐలో గెట్‌అప్‌డేట్స్ చిరునామాను మన టోకెన్‌తో తెరిస్తే ఆ సంఖ్య కనిపిస్తుంది. గ్రూపుల సంఖ్య ముందు మైనస్ గుర్తు ఉంటుంది, దాన్ని వదిలేస్తే కబురు చేరదు. టోకెన్‌ను, చాట్ సంఖ్యను కలిపి రాసే నమూనా సెట్టింగుల్లోని నోటిఫికేషన్ విభాగంలో ఇచ్చిన సహాయ లింకులో దొరుకుతుంది.

సందేశంలో ఏముండాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. పేజీ మారిందని మాత్రమే చెప్పే సందేశం కంటే, ఏ పేజీయో, దాంట్లో చేరిన వరుసలేమిటో చెప్పే సందేశం పదింతలు మేలు. బస్సులో ఉన్నవారు కూడా సైటు తెరవకుండానే విషయం గ్రహిస్తారు. అన్నీ పెట్టాక పరీక్ష సందేశం పంపే బొత్తాం నొక్కి, ఫోన్ మోగేదాకా ఈ అడుగు పూర్తయినట్టు లెక్కించకూడదు.

ఏడో అడుగు: మౌనాన్ని పరీక్షించడం

ఇప్పుడు కాపలా మొదలైంది. పది రోజులుగా ఏ కబురూ రాలేదు. పేజీ నిజంగా మారలేదా, లేక ల్యాప్‌టాప్ ఆగిపోయిందా, ఇంటర్నెట్ రీఛార్జి అయిపోయిందా, సైటు మన అభ్యర్థనలను నిరాకరిస్తోందా? ఫోన్‌ను చూసి ఈ నాలుగింటిలో ఏదో చెప్పలేం.

దీనికి నేను గట్టిగా సూచించేది ఒక సాక్షి పేజీ. ప్రతిరోజూ తప్పకుండా మారే ఏదైనా పేజీని, ఉదాహరణకు నేటి తేదీ చూపే పేజీని, రోజుకు ఒక్కసారి ఉదయం ఏడింటికి చూసేలా చేర్చుకోవాలి. రోజూ ఉదయం దాని కబురు వస్తుంది. వచ్చినన్నాళ్లూ యంత్రం, ఇంటర్నెట్, టెలిగ్రామ్ మూడూ పనిచేస్తున్నాయని తెలుస్తుంది. రాని రోజున వెంటనే వెళ్లి చూడాలి.

సాక్షి పేజీ పట్టుకోలేని లోపం మరొకటి ఉంది: యంత్రం బాగానే ఉన్నా మనం చూస్తున్న పేజీకి ప్రాణం లేకపోవడం. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు ఇది మన రాష్ట్రమంతటా ఎదురైంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ టీజీపీఎస్‌సీ అయింది, హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ అయింది, ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. ఇలా పేరుతో పాటు వెబ్ చిరునామా మారినప్పుడు పాత చిరునామా కొంతకాలం తెరుచుకుంటూనే ఉండవచ్చు, కొత్త ప్రకటనలు మాత్రం కొత్త చోట పడతాయి. పాతదాని మీద పెట్టిన నిఘా ఎంత నమ్మకంగా పనిచేసినా చెప్పడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. సైటు రూపురేఖలు మార్చినప్పుడు పట్టిక పేరు మారి ఫిల్టర్‌కు ఏమీ దొరకకపోవడం కూడా ఇలాంటిదే. అయితే ఈ సందర్భంలో వరుసగా కొన్నిసార్లు ఫిల్టర్ విఫలమైతే తెలియజేసే సదుపాయం ఛేంజ్‌డిటెక్షన్‌లో ఉంది, దాన్ని ఆపకుండా ఉంచాలి.

నెలకొకసారి జాబితా తెరిచి, ఒక్కో పేజీ పక్కన చివరిసారి చూసిన సమయాన్ని, ఎర్రగా కనిపించే తప్పుల సందేశాలను పరిశీలించాలి. సర్టిఫికెట్ లోపమని కనిపిస్తే ఆ సైటు తన భద్రతా సర్టిఫికెట్ గొలుసును పూర్తిగా ఇవ్వడం లేదని సాధారణంగా అర్థం. బ్రౌజర్లు దాన్ని తమంతట తాము పూరించుకోగలవు, ఇలాంటి ప్రోగ్రాములు పూరించుకోలేవు. అక్కడ బ్రౌజర్ కంటెయినర్ ద్వారా చూడమంటే సమస్య తీరవచ్చు. మూడు నెలలకు పైగా ఒక్క మార్పూ చూపని పేజీ ఉంటే దాన్ని చేత్తో తెరిచి, అది నేటికీ వాడుకలో ఉన్న పేజీయేనా అని నిర్ధారించుకోవాలి.

సంఖ్యల మీద నిఘా

ఉద్యోగ ప్రకటనల పద్ధతే ధరలకు కూడా పనికొస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతుల పిల్లలు, జమ్మికుంట, నిజామాబాద్ మార్కెట్లను గమనించేవారు, ధరలు ప్రచురించే పేజీలో తమ పంట వరుసను మాత్రమే ఎంచుకొని రోజుకు ఒకటి రెండుసార్లు చూసేలా పెట్టుకోవచ్చు. ధర ఫలానా అంకె దాటితేనే చెప్పమనే షరతు కూడా పెట్టవచ్చు. కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు పక్కపక్కనే ఉంటాయి కనుక ఏ గడిలోని అంకెను తీసుకుంటున్నామో ప్రివ్యూలో తప్పక చూసుకోవాలి.

గోదావరి నీటిమట్టం విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారని మనకు తెలుసు కాబట్టి, ఆ అంకెలను షరతులుగా పెట్టుకోవాలన్న ఆలోచన రావడం సహజం. సమాచారం కోసం పెట్టుకోవచ్చు. కానీ ఏటూరునాగారం, మంగపేట వంటి ముంపు ప్రాంతాల్లో ఉన్నవారు ప్రాణరక్షణకు దీని మీద ఆధారపడకూడదు. వానల్లో ముందుగా పోయేది కరెంటు, ఆ వెంటనే ఇంటర్నెట్. అధికారుల హెచ్చరికలకూ దండోరాకూ ఇది బదులు కాదు.

ముట్టుకోకూడని పేజీలు, దాచుకోవలసిన ప్రతులు

క్యాప్చా, ఓటీపీ అడిగే పేజీలను, లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలను ఈ నిఘాలో చేర్చవద్దు. క్యాప్చా ఉన్నదంటేనే యంత్రాలు రావద్దని ఆ సంస్థ చెబుతున్నట్టు. తన హాల్‌టికెట్ నంబర్, ఆధార్ వివరాలు, పాస్‌వర్డులు ఏ క్లౌడ్ సేవలోనూ ఎవరూ నమోదు చేయకూడదు. బహిరంగంగా అందరికీ కనిపించే పేజీలకే ఈ పద్ధతి పరిమితం.

చివరగా, చాలామంది గుర్తించని ఉపయోగం ఒకటి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పుకూ ముందు వెనుక ప్రతులను తేదీ, సమయంతో సహా దాచి ఉంచుతుంది. మెరిట్ జాబితా పెట్టి తీసేసినా, అర్హత నిబంధన సవరించినా, నిన్న పేజీలో ఏముందో మన దగ్గర ఉంటుంది. అభ్యంతరాల గడువులోగా అర్జీ పెట్టుకునేవారికి అది ఆధారం. అయితే మన సొంత కంప్యూటర్లోని ప్రతిని ఎదుటివారు శంకించే అవకాశముంది. అందుకని ముఖ్యమైన జాబితా కనిపించగానే, 1996 నుంచి వెబ్ పేజీలను భద్రపరుస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లోకి వెళ్లి, సేవ్ పేజ్ నౌ అనే గడిలో ఆ చిరునామా ఇచ్చి ఒక ప్రతి దాయించాలి. కొన్ని ప్రభుత్వ సైట్లు దాన్ని లోపలికి రానివ్వవు. అప్పుడు పేజీని చిరునామా, తేదీ కనపడేలా పీడీఎఫ్‌గా ముద్రించుకొని, అదే రోజు మన ఈమెయిల్‌కు మనమే పంపుకుంటే, ఆ ప్రతి ఏ రోజుదో ఈమెయిల్ తేదీ చెబుతుంది.